పగిలిన బీడు పైపు – తాత్కాలిక మరమ్మతు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనందరికీ పండుగ రోజు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, ఉద్యోగి హక్కని తేల్చి చెప్పింది. ఆ తీర్పు గురించి మాట్లాడటానికి నాకంటే సమర్థులు ఈ సభలో ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను "ఏదైనా మీ అనుభవం చెప్పండి సార్, పదిమందికీ పనికొస్తుంది" అన్నారు. నా దగ్గర ఈ మధ్య పోగైన అనుభవమంతా మా ఇంటి వెనక మోరీ పైపు గురించే. దయచేసి నవ్వకండి. ఆఖరుకు వచ్చేసరికి మీరే నవ్వరు.

నా వయసు డెబ్బై అయిదు. 1973లో మడకశిర తాలూకా కచేరిలో ఎల్.డి.సి.గా చేరాను. అప్పటికి మండలాలు లేవు. మన గుడిబండ మండలమైంది 1985లో. నా నియామకపు ఉత్తర్వులో 10(ఎ)(1) నిబంధన కింద "పూర్తిగా తాత్కాలికం" అని టైపు చేసి ఉంది. ఆ తాత్కాలికం ముప్పై అయిదేళ్లు నడిచింది. అందుకేనేమో, తాత్కాలికం అన్న మాట మీద నాకు మొదటినుంచీ నమ్మకం ఎక్కువ. ఆ నమ్మకమే నా కొంప ముంచింది.

1989లో ఇంటి అప్పు తీసుకుని మిద్దె ఇల్లు కట్టాను. పైన ఒక గది, ఒక బాత్‌రూము. ఆ రోజుల్లో మోరీ పైపు అంటే బీడు పైపే. ఇంజనీరు ఎస్టిమేటులోనూ అదే రాసేవారు. హిందూపురం నుంచి నాలుగంగుళాల పైపులు లారీలో తెప్పించి, ఒకదాని గూబలో ఒకటి దింపి, సందులో జనపనార కుక్కి, సీసం కరిగించి పోసి బిగించారు. "ఇంక మీ మనవళ్లు కూడా దీన్ని ముట్టుకోనక్కరలేదు స్వామీ" అన్నాడు మేస్త్రీ. ఆయన అబద్ధం చెప్పలేదు. ఫ్రాన్సులో వెర్సాయి రాజభవనపు తోటలకు 1664లో వేసిన బీడు గొట్టాలు మూడు వందల ఏళ్లకు పైగా నీళ్లు మోశాయట.

మరి మాది ముప్పై అయిదేళ్లకే ఎందుకు పగిలింది? కారణాలు తర్వాత తెలిసినవి మూడు. ఒకటి, బీడు గట్టిదే గాని పెళుసు. ఉక్కులా వంగదు, దెబ్బ తగిలితే చిట్లుతుంది. రెండు, కక్కసు శుభ్రానికి మేము ఏళ్ల తరబడి యాసిడ్ పోశాం. యాసిడ్ ఇనుమును తింటుంది. పైపు పైకి బాగానే కనిపిస్తూ లోపలినుంచి పలచబడింది. మూడు, గోడ సందులో మొలిచిన రావి మొక్క. "రావి చెట్టు, పీకితే పాపం" అని వదిలేశాం. దాని వేరు పైపుకూ గోడకూ మధ్య దూరి బయటికి తోసింది.

క్రితం ఏడాది శ్రావణ మాసంలో గోడ మీద తడి మరక చూశాను. పైనుంచి నీళ్లు పోసినప్పుడల్లా మరక పెరుగుతోంది. ప్లంబరుకు కబురు చేస్తే, పెళ్లిళ్ల కాలం, కొత్త ఇళ్ల పనులు, పదిహేను రోజులదాకా రాలేనన్నాడు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. కింద ఉన్నది పాతకాలపు కక్కసు, కూర్చుని లేవలేదు. ఎలాగోలా మెట్లెక్కి పైదే వాడుతుంది. అందుకని నేనే పూనుకున్నాను. ఆ పద్ధతి చెబుతాను, మీకు అక్కరకు రావచ్చు.

ముందుగా పై బాత్‌రూము వాడకం ఆపించాలి. ఇంట్లో అందరికీ చెప్పాలి, తలుపు మీద కాగితం అంటించాలి. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. అది మురికి నీరు, చేతి మీద చిన్న గాయం చాలు.

తర్వాత పగులు ఎక్కడో కనుక్కోవాలి. తడి కనిపించిన చోటే పగులుందనుకోవద్దు. నీరు పైనెక్కడో కారి కిందికి జారుతుంది. పైపును గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, ముగ్గుపిండి చల్లాను. మా ఆవిడ పైనుంచి నీలిమందు కలిపిన నీళ్లు ఒక చెంబెడు పోసింది. తెల్లటి పిండి మీద జానెడు పొడవున నీలం గీత తేలింది. గీత నిలువుగా, సన్నంగా ఉంటే తాత్కాలిక కట్టుకు లొంగుతుంది. పైపు చుట్టూ అడ్డంగా ఉన్నా, ముక్క ఊడిపోయినా దానికి కట్టు కట్టవద్దు. పై బరువు మీద పడుతుంది. గూబ దగ్గర కారుతుంటే అది పగులు కాదు, సీసం అతుకు వదులైంది. దానికి నార, సీసం మళ్లీ కొట్టించాలి.

మూడోది శుభ్రం. పగులుకు రెండు పక్కలా నాలుగేళ్ల వెడల్పున తీగ బ్రష్షుతో, గరుకు కాగితంతో తుప్పంతా గీకి, ఇనుము మెరిసేదాకా రుద్దాలి. మెత్తగా రుద్దాలి, సుత్తి పట్టుకోవద్దు. పూర్తిగా ఆరాలి. తడి మీదగానీ తుప్పు మీదగానీ ఏ మందూ అంటుకోదు. మన వాళ్లు గోనెగుడ్డను సిమెంటు పాలలో ముంచి చుడతారే, అది నెలకే ఊడిపోయేది అందుకే.

నాలుగోది మందు. ఎం-సీల్ లాంటి రెండు ముద్దల మందు సమపాళ్లలో తీసుకుని రంగు ఒక్కటయ్యేదాకా పిసికి, పగులులోకి నొక్కి, పైన కూడా పట్టించాలి. గంటలో బిగుసుకుంటుంది గాని ఒక రోజు ఆగితే మంచిది. మరునాడు దాని మీద సైకిలు ట్యూబు కోసి రెండు చుట్లు చుట్టి, పైన వంచిన రేకు ముక్క పెట్టి, బోరు మోటార్ల అంగడిలో దొరికే క్లిప్పులు మూడు వేసి బిగించాను. ఒకదాన్నే చివరిదాకా తిప్పవద్దు. మూడింటినీ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి తిప్పాలి. మరీ బిగిస్తే బీడు ఇంకో చోట చిట్లుతుంది.

ఈ కట్టు పనిచేసేది మోరీ పైపులో నీటి ఒత్తిడి ఉండదు కాబట్టే. నీరు గోడ వెంబడి జారిపోతుంది అంతే. మోటారు నీళ్ల పైపుకు ఇదే కట్టు కడితే గంట కూడా నిలవదు. వెల్డింగు అంగడికి వెళ్లవద్దు. బీడును ముందుగా వేడి చేసి, దానికి తగిన కడ్డీతో, నెమ్మదిగా చల్లార్చి చేయాలి. మామూలు కడ్డీతో అంటిస్తే చల్లారేటప్పుడు పక్కనే చిట్లుతుంది.

ఖర్చు రెండు వందలు దాటలేదు. చుక్క కారలేదు. నేను మీసం మెలేశాను. వచ్చిన ప్రతివాడికీ చూపించాను. పదిహేను రోజుల తర్వాత ప్లంబరు తనంతట తానే ఫోన్ చేసి "రావాలా సార్?" అన్నాడు. "అక్కరలేదు నాయనా, బాగయిపోయింది" అన్నాను.

మిత్రులారా, నా తప్పు అదీ. కట్టు కట్టడం కాదు, ఆ ఫోనుకు ఇచ్చిన జవాబు.

మనం కచేరీలో ఫైలు మూసేటప్పుడు ఏం రాసేవాళ్లం? ఎల్.డిస్. అయితే ఒక ఏడాది, కె.డిస్. అయితే మూడేళ్లు, డి.డిస్. అయితే పదేళ్లు, ఆర్.డిస్. అయితే శాశ్వతం. ఎల్.డిస్. పాటి కూడా చేయని పనిని నేను ఆర్.డిస్. చేసి అటక మీద పెట్టాను.

ఎనిమిది నెలలు గడిచాయి. ఉగాది దాటింది, ఎండలు ముదిరాయి. మా తాగునీళ్ల సంపు ఆ పైపుకు నాలుగడుగుల దూరంలో ఉంది. రాతి కట్టడం, లోపల సిమెంటు పూత. ఆ పూత ఎప్పుడు బీటలిచ్చిందో నేను చూడలేదు. పైపుకు గోడవైపున, నా కన్ను ఆనని చోట, ట్యూబు ఎండకు పెళుసెక్కి చీలింది. నీరు గోడకూ పైపుకూ మధ్యనుంచి చప్పుడు లేకుండా మట్టిలోకి దిగింది. మట్టిలోనుంచి సంపులోకి.

ఒక రాత్రి మా ఆవిడకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. తెల్లవారేసరికి కళ్లు లోపలికి పోయాయి, మాట పీలగా వస్తోంది. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగిస్తూ హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోయాను. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. రెండో రోజు డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి అడిగింది ఒకటే ప్రశ్న: "ఏ నీళ్లు తాగుతున్నారు?" సంపు నీళ్లని చెబుతుండగానే నాకు ఆ పైపు కళ్ల ముందు కనబడింది. పెళ్లయిన యాభై ఏళ్లలో ఆమెకు నేను చేసిన కీడు ఇంకొకటి ఉందో లేదో గాని, ఇంత పెద్దది లేదు.

ఇది నా ఒక్కడి ఇంటి కథ కాదు. 1854లో లండనులో బ్రాడ్ వీధి దగ్గర ఆరు వందల మందికి పైగా కలరాతో చనిపోయారు. ఆ వీధిలోని చేతిపంపు నీళ్లే కారణమని జాన్ స్నో అనే వైద్యుడు చెప్పాడు. తర్వాత తవ్వి చూస్తే, పక్క ఇంటి మరుగుగుంట ఇటుకలు పాడైపోయి, మూడడుగుల దూరంలోని బావిలోకి మురికి ఊరుతోందని తేలింది. అంత దూరం ఎందుకు, 2009లో హైదరాబాదు భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన తాగునీళ్లు తాగి జనం చనిపోయారు. 2018లో గుంటూరులోనూ అదే జరిగింది. మురుగు నీరు, తాగు నీరు పక్కపక్కనే ఉన్న ప్రతి చోటా ఈ ప్రమాదం పొంచి ఉంది. మా పెరడు కూడా అలాంటి చోటే.

ఇంటికి వచ్చాక అదే ప్లంబరును పిలిచాను. ఏమీ అనలేదు, పాపం. బీడు పైపు ఒక్కొక్కటి ఇరవై కిలోలకు పైమాటే. కింది ముక్క కోస్తే పైవి మీద పడతాయి. అందుకని ముందు మిద్దె పైనుంచి తాడు కట్టి, కింద మోపు పెట్టి, పైనుంచి కిందికి ఒక్కొక్కటే దింపాడు. రావి మొక్కను వేరుతో సహా తీశాడు. పి.వి.సి. పైపు వేసి, గాలి పోవడానికి మిద్దె పైదాకా లేపి, చివర టోపీ పెట్టాడు. మొత్తం ఒక రోజు పని. నాలుగు వేల చిల్లర అయింది. ఆసుపత్రికి దాని రెండింతలు అయింది.

సంపు ఖాళీ చేయించి, గీకి కడిగించి, బీటలు పూడ్పించి, బ్లీచింగు పౌడరుతో శుద్ధి చేయించాం. ఇక్కడ ఒక హెచ్చరిక. బ్లీచింగు పౌడరు, యాసిడ్ ఎప్పుడూ కలపవద్దు. వచ్చే విషవాయువు ఊపిరి ఆపేస్తుంది. అలాగే సెప్టిక్ ట్యాంకు నిండితే మనిషిని లోపలికి దించవద్దు. అందులోని గాలి పీలిస్తే మనిషి నిమిషాల్లో పోతాడు. 2013 చట్టం ప్రకారం అది నేరం కూడా. యంత్రం తెప్పించండి.

మా ఆవిడ కోలుకున్నాక ఒక రోజు కాఫీ ఇస్తూ అంది: "ఏమండీ, ఆఫీసు కాగితాలకైతే తేదీ రాసి రిమైండర్లు పెట్టేవారు కదా. ఇంటి పైపుకు పెట్టలేకపోయారా?"

ముప్పై అయిదేళ్లలో నాకు వచ్చిన మెమోలన్నిటిలో నేను జవాబు రాయలేనిది అదొక్కటే.

కాబట్టి మిత్రులారా, మీకు నేను మనవి చేసేది ఇంతే. ఆపదలో తాత్కాలికంగా కట్టు కట్టండి, తప్పులేదు. కట్టిన రోజే దాని మీద సున్నంతో తేదీ రాయండి, క్యాలెండరులో పదిహేనో రోజుకు గుర్తు పెట్టండి. ప్లంబరుకు కబురు చేసేది కారుతున్నప్పుడే కాదు, కారడం ఆగాక కూడా. పైపుకు గోడవైపున చేతి అద్దం పెట్టి చూడండి. మనం బతికే ఉన్నామని ఏటా సర్టిఫికెట్ ఇస్తున్నాం కదా, అదే రోజు ఇంటి మోరీ పైపునూ, నీళ్ల సంపునూ కూడా ఒకసారి తనిఖీ చేయండి. ఎవరికైనా చేతకాకపోతే నన్ను పిలవండి. నా దగ్గర చేతి అద్దం ఉంది, ముగ్గుపిండి ఉంది. వస్తాను.

మా ఆవిడ ఇవాళ సభకు వచ్చింది, వెనక వరసలో కూర్చుంది. ఆమెకు నమస్కారం.