మిరప ఘాటు, పత్తి పురుగు, కణ పొర



కణ పొర గురించి మన పుస్తకాలు ఎప్పుడు చెప్పినా స్క్విడ్ అనే సముద్రజీవి నరంతో మొదలుపెడతాయి. శాస్త్రవేత్తలు హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో నరసంకేతం లెక్క తేల్చింది దాని మీదే కనుక తప్పు పట్టను. కానీ గుంటూరులో ఆ పాఠం చెప్పడానికి సముద్రం దాకా పోవాలా? మిర్చి యార్డు గేటు దాటగానే మనకు దగ్గొస్తుందే, అది ఆ పాఠమే కదా!

కణ పొర మందం మిల్లీమీటరులో లక్షో వంతుకు లోపే. రెండు వరుసల కొవ్వు అణువులు. సోడియం, పొటాషియం అయాన్లు ఆ కొవ్వులోంచి దూరలేవు. వాటికి ప్రోటీన్ ద్వారాలు కావాలి. ఒక పంపు 3 సోడియంలను బయటికి నెట్టి 2 పొటాషియంలను లోపలికి లాగుతుంటుంది. దీని జాడ స్కౌ అనే శాస్త్రవేత్త 1957లో పట్టాడు. ఒక్కో విడతకు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒకటి ఖర్చు. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కనుగొన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన్ని మందుల కోసమే తలుచుకుంటాం గాని, ఇందుకు తలుచుకోం. నర కణంలో లోపలివైపు బయటికన్నా 70 మిల్లీవోల్టులు తక్కువ. పొర సన్నదనంతో లెక్కేస్తే మీటరుకు సుమారు కోటి వోల్టుల ఒత్తిడి! ఒకచోట సోడియం ద్వారం తెరుచుకుంటే ఆ ఒత్తిడి తిరగబడి పక్క ద్వారాన్నీ తెరుస్తుంది. నరంలో సంకేతం పరుగెత్తేది ఇలాగే.

ఇక మిరప. ముచ్చికలు తీసే ఆడవాళ్ల చేతులు పొద్దుగూకేసరికి భగభగమంటాయి. చర్మం చూస్తే కాలిన గుర్తుండదు, బొబ్బ ఉండదు. మిరపలో ఘాటు పుట్టించే క్యాప్సైసిన్‌కు కొవ్వంటే ఇష్టం. పొరలోకి సులువుగా దూరి, టీఆర్‌పీవీ1 అనే ద్వారాన్ని పట్టుకుంటుంది. మామూలుగా 43 డిగ్రీల వేడికి తెరుచుకోవలసిన ద్వారం అది. క్యాప్సైసిన్ తగిలితే ఒంటి వేడికే తెరుచుకుని కాల్షియం, సోడియంలను లోపలికి వదులుతుంది. చెయ్యి కాలుతోందని మెదడుకు కబురు పోతుంది. ఈ ద్వారాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. 2021 నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది. మంట నీళ్లకు పోదని, నూనె రాస్తే తగ్గుతుందని మాత్రం ఆ కూలీలకు ఏ నోబెల్లూ చెప్పనక్కర్లేదు. అన్నట్టు, పక్షుల్లో ఈ ద్వారం క్యాప్సైసిన్‌ను పట్టించుకోదు. చిలకలు మిరపపండ్లు హాయిగా తింటాయి.

పత్తి దగ్గరికొస్తే కథ హాయిగా ఉండదు. సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే పురుగుమందులు పురుగు నరంలో సోడియం ద్వారాన్ని మూసుకోనివ్వవు. నరం ఆగకుండా సంకేతాలు పంపి పంపి, పురుగు కొట్టుకుని చస్తుంది. మొదట్లో బ్రహ్మాండంగా పనిచేశాయి. 1987-88 పంటకాలంలో శనగపచ్చ పురుగు వాటికి లొంగలేదు. ఎకరాలకు ఎకరాలు పోయి, అప్పుల పాలై, ప్రకాశం, గుంటూరు జిల్లాల రైతులు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆనాటి రైతు చేయగలిగింది డబ్బా మార్చడమే. ఫెన్‌వలరేట్ పోయి సైపర్‌మెత్రిన్, అదీ పోయి డెల్టామెత్రిన్. పేర్లు మూడు, ద్వారం ఒకటే! ఆ ద్వారం ఆకృతి మారిన పురుగు, విషాన్ని విరగ్గొట్టే ఎంజైములున్న పురుగు, ఒకదాన్ని తట్టుకుంటే మిగతా రెండింటినీ చాలావరకు తట్టుకుంటుంది. ఈ ఒక్క మాట రైతుకు తెలుగులో, వేళకు అందలేదు. ఆ లోటులో సైన్సు రాసేవాళ్ల వాటా తక్కువేం కాదని నా అభిప్రాయం.

2002లో అనుమతి వచ్చిన బీటీ పత్తిదీ పొర కథే. ఆ మొక్కలోని బీటీ ప్రోటీన్ పురుగు పేగులోని క్షారంలో కరిగి, పేగు కణాల పొరకు అతుక్కుని రంధ్రాలు చేస్తుంది. కణాలు ఉబ్బి పగులుతాయి. మన పేగులో అది అతుక్కునే చోటే లేదు. గులాబీ రంగు పురుగు దానికీ విరుగుడు పట్టింది.

కాబట్టి ఈ సైన్సు రచయితల, అధ్యాపకుల సదస్సు ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. పురుగుమందు డబ్బా మీద, అది పురుగు ఒంట్లో ఎక్కడ దెబ్బకొడుతుందో పెద్ద తెలుగు అక్షరాల్లో ఉండాలి: సోడియం ద్వారమా, అసిటైల్‌కోలిన్ గ్రాహకమా, మరొకటా అని. అసిటైల్‌కోలిన్ గ్రాహకాన్ని దెబ్బకొట్టే ఇమిడాక్లోప్రిడ్ కొట్టినా ఫలితం దక్కని రైతు షాపులో మరో పేరుతో అదే జాతి మందు కొనకుండా ఆపేది ఆ ఒక్క వాక్యమే. మాదిరి పాఠం రాసే బాధ్యత మనమే తీసుకుందాం. తీర్మానం ముసాయిదా మధ్యాహ్నం గోష్ఠిలో చదువుతారు. దాని మీద మొహమాటం లేకుండా మాట్లాడండి.