ఇంధనపు వెల హెచ్చిన కాలమున కాఫీ వ్యాపారము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, వసతిగృహములను గూర్చియు పెద్దలు ప్రసంగించుట మన సభలకు పరిపాటి. కాఫీగిన్నెను గూర్చి మాటలాడుటకు నాకు అనుజ్ఞ యొసగిన కార్యనిర్వాహకులకు కృతజ్ఞుడను. ఇది అల్పవిషయమని యెవరును తలపకుందురు గాక. ఈ గరిడేపల్లి మొదలుకొని హుజూర్‌నగరు, కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేటల వరకు బస్సులు ఆగుచోట్లను, బియ్యపు మిల్లుల యొద్దను, ఆసుపత్రుల యెదుటను కాఫీ, తేనీరు అమ్మి జీవించు కుటుంబములు మనలో పెక్కు కలవు. ఆ పొయ్యి ఆరినచో ఆ యింటి పిల్లల చదువు ఆగును. మన విద్యానిధికి వారిచ్చు చందాయును ఆగును. కావున ఇది వంటయింటి మాట కాదు, సంఘపు మాట.

ఈ కష్టము ఎక్కడినుండి వచ్చినదో మొదట విచారింతము. 2022 ఫిబ్రవరిలో రష్యా సేనలు యుక్రెయినుపై దండెత్తిన పిదప ప్రపంచమంతటను చమురు, గ్యాసు వెలలు మండిపోయినవి. ఆ సంవత్సరము మే మాసమున ఢిల్లీనగరమునందు 19 కిలోల వ్యాపారపు సిలిండరు వెల 2,355 రూపాయలకు చేరినది. తరువాత తగ్గినది, మరల పెరిగినది. నిలకడ మాత్రము లేదు. గృహస్థుల సిలిండరును ప్రభుత్వము కొంత కాచుచుండును. వ్యాపారపు సిలిండరు వెల మాత్రము నెలనెలకు ప్రపంచపు విపణి ననుసరించి మారుచుండును. పన్నునందును భేదము కలదు: గృహమునకు నూటికి 5, వ్యాపారమునకు నూటికి 18. మన దేశము వాడు వంటగ్యాసులో సగమునకు మించి విదేశములనుండి ఓడలపై రావలసినదే. సముద్రమున కావల ఫిరంగి మ్రోగిన గరిడేపల్లిలో కాఫీకప్పు వణకుట ఇందువలననే.

ఇది చాలదన్నట్లు కాఫీగింజల వెలయు పెరిగినది. బ్రెజిలు, వియత్నాము దేశములలో వానలు తప్పి పంటలు దెబ్బతినుటచే, 2025 ఫిబ్రవరిలో న్యూయార్కు విపణియందు అరబికా గింజలు పౌనుకు 4 డాలర్లు దాటినవి. గోరుచుట్టుపై రోకటిపోటు అనగా ఇదియే. అరకులోయ గిరిజన రైతుకు ఆ పెరుగుదలలో ఒక పాలు ముట్టినచో మనము దానికి చింతింప పనిలేదు, అతడును కష్టజీవియే. కాని గింజ వెల మన చేతిలో లేదు, గ్యాసు వెల మన చేతిలో లేదు. మన చేతిలో నున్నది యేమి? నేటి నా ప్రసంగమునకు ఇదియే విషయము.

కష్టకాలమున కొందరు నాలుగు త్రోవలు త్రొక్కుచున్నారు. మొదటిది, ఇంటి సిలిండరును అంగడిలో పెట్టుట. 2000 సంవత్సరపు గ్యాసు పంపిణీ ఉత్తరువు ప్రకారము ఇది నేరము; అధికారులు పట్టుకొనినచో ఒక సంవత్సరపు ఆదా ఒక్కదినమున పోవును. రెండవది, పొడిలో కల్తీ చేయుట. కాఫీలో చికోరీ కలుపుట తప్పు కాదు; కాని కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గరాదనియు, కలిపిన సంగతి పొట్లముపై తెలుపవలెననియు నియమము. చింతగింజల పొడి కలుపుటకు ఏ నియమమును లేదు, అది కేవలము మోసము. మూడవది, చెప్పకుండ కప్పును చిన్నది చేయుట. నాలుగవది, గిన్నెలు తోము కూలివాని జీతములో కోత వేయుట. ఈ నాలుగింటికిని లక్షణ మొక్కటే: పొయ్యివద్ద పోవుచున్న సొమ్మును పొయ్యివద్ద ఆపక, గిరాకీవాని నోటినుండియో పనివాని చేతినుండియో లాగుకొనుట.

పొయ్యివద్ద సొమ్ము ఎట్లు పోవుచున్నది? కొంచెము లెక్క చూతము. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయుటకు పట్టు వేడిని ఒక కిలోకెలరీ యందురు. 30 డిగ్రీల నీరు మరుగుటకు 70 డిగ్రీలు పెరుగవలెను. అనగా లీటరుకు 70 కిలోకెలరీలు. ఒక కిలో గ్యాసులో సుమారు 11,000 కిలోకెలరీలు కలవు. అందు సగము గాలిపాలై, సగమే గిన్నెకు అందినదనుకొందము. అప్పటికిని ఒక కిలో గ్యాసుతో సుమారు 78 లీటర్లు కాగవలెను. లీటరుకు పదికప్పుల చొప్పున 780 కప్పులు! కిలో గ్యాసు 100 రూపాయలని లెక్కకొరకు పెట్టుకొనినచో కప్పునకు పడునది 13 పైసలు మాత్రమే. పాలు, డికాక్షను, పాత్రల వేడి అన్నియు కలిపి దీనికి మూడింతలు వేసికొన్నను అర్ధరూపాయి మించదు. మరి సిలిండరు అంత త్వరగా ఏల అయిపోవుచున్నది?

అసలు రహస్యము ఇక్కడ నున్నది. కాగిన నీటిని ఆవిరిగా మార్చుటకు లీటరుకు మరి 540 కిలోకెలరీలు కావలెను. అనగా కాచుటకు పట్టినదానికి దాదాపు ఎనిమిదింతలు. ఉదయము 5 గంటలకు పెట్టిన గిన్నె రాత్రి 9 గంటలవరకు మూతలేక తెర్లుచునే యుండును. గిరాకీవాడు వచ్చినను తెర్లును, రాకున్నను తెర్లును. ఒక లీటరు ఊరక ఆవిరియైనచో దాదాపు 10 రూపాయల గ్యాసు పోయినట్లే. చిన్న అంగడిలో ఒక కప్పు తేనీటి వెల యంతయు గాలిలో కలిసినట్లే. దినమునకు పది లీటర్లు అట్లు పోయిన, నెలకు సుమారు 3,000 రూపాయలు. సోదరులారా! మనము గ్యాసును కాఫీకొరకు కాల్చుటలేదు, వేచియుండుటకొరకు కాల్చుచున్నాము.

కావున చేయదగిన పనులు సులభములే. గిన్నెకు మూత వేయుట మొదటిది. రద్దీ తగ్గిన పగటివేళ పెద్దగిన్నె దింపి చిన్నగిన్నె పెట్టుట రెండవది. ఫిల్టరులో పొడిమీద పోయు నీరు తుకతుక ఉడుకనక్కరలేదు. మరిగి దింపిన నీరే చాలును. దిగిన డికాక్షనును మంటపై నిలుపరాదు. నిలిపినచో గ్యాసును పోవును, రుచియు చేదెక్కును. దానిని మూతగల ఫ్లాస్కులో నుంచవలెను. పాలను రోజంతటికి ఒక్కసారి కాచి మరిగించుచుండుటకు మారుగ, కొలది కొలదిగ కాచుకొనవలెను. బర్నరు రంధ్రములను వారమున కొకసారి శుభ్రపరచవలెను. మంట నీలముగా నుండవలెను, పసుపువన్నె మంట గిన్నెకు మసిని, యజమానికి నష్టమును అంటించును. తేనీటి అంగళ్లకును ఈ మాటలన్నియు చెల్లును.

కొందరు పెద్దలు పూర్వపు పొట్టుపొయ్యికి మరలుదమనుచున్నారు. ఇది వరిసీమ. నాగార్జునసాగరు ఎడమకాలువ నీటితో పండిన వడ్లు మిర్యాలగూడ మిల్లులకు చేరుచున్నవి. 100 కిలోల వడ్లకు సుమారు 20 కిలోల ఊక వచ్చును. కాని ఉప్పుడుబియ్యపు బాయిలర్లకు మిల్లులవారే దానిని వాడుకొనుచున్నారు; నేడు ఊకకును వెల కలదు. అదియునుగాక, పొగ నిండిన గదిలో దినమంతయు నిలుచువాని ఊపిరితిత్తులకు ఎవరు పరిహార మిత్తురు? వెనుకకు పోవుట ఉపాయము కాదు.

విద్యుచ్ఛక్తి మాట వేరు. ఒక యూనిటులో 860 కిలోకెలరీలు కలవు. మంచి మూతగల విద్యుత్ బాయిలరులో అందు అధికభాగము నీటికే చేరును. యూనిటుకు సుమారు 11 లీటర్లు కాగును. యూనిటు 10 రూపాయలైనచో లీటరుకు 91 పైసలు. పైన పెట్టుకొన్న వెలకు గ్యాసుతో లీటరుకు రూపాయి 28 పైసలు పడుచున్నది. ఈ యంకెలు ఎల్లరకు ఒక్కటి కావు. స్థిరరుసుములు కలవు, కరెంటు పోవు గడియలు కలవు. ఎవరి బిల్లు వారు ముందుంచుకొని, నీళ్లకు కరెంటు మేలో, పాలకు గ్యాసు మేలో తేల్చుకొనవలెను. లెక్క చూడక పొరుగువానిని చూచి యంత్రము కొనుట మరియొక నష్టము.

ఇన్ని చేసినను వెల పెంచక తప్పని దినము రావచ్చును. అప్పుడు బెదరక రూపాయి పెంచి, పలకపై వ్రాసి, అడిగినవానికి కారణము చెప్పవలెను. ఐరోపాలోని కాఫీశాలలవారికిని ఈ చిక్కు తప్పలేదు. 2022 అక్టోబరు మొదలు ఆరునెలలు బ్రిటిషు ప్రభుత్వము వ్యాపారుల గ్యాసు, విద్యుత్తు వెలలకు కొంత సాయము చేసినది. అట్టి సాయమునకై ఎదురుచూచుచు మనము కూర్చుండరాదు. మనకు శత్రువు ప్రభుత్వము కాదు, విపణియు కాదు. ఒకే కూడలిలో మన వాడే మన వానికంటె రూపాయి తగ్గించి అమ్మి, ఇరువురును ఋణములపాలగుట. గిరాకీని రుచితో గెలువవలెను గాని తోడివాని నష్టముతో కాదు.

సంఘపోషకులైన ధనికులకు నా విన్నపము ఒకటి కలదు. వసతిగృహమునకు గది కట్టించిన పుణ్యము గొప్పదే. దానితోపాటు ఒక చిన్న ఋణనిధి నేర్పరచి, వడ్డీ లేక అప్పిచ్చినచో, బీద అంగడివారు మంచి బాయిలరు, మూతగల పాత్రలు, ఫ్లాస్కులు కొనుక్కొందురు. నెలకు 3,000 రూపాయలు ఆదా చేయువాడు, అందు సగము చెల్లించినను 18,000 రూపాయల అప్పును ఏడాదిలో తీర్చును. ఆ సొమ్మే మరియొక కుటుంబమునకు పోవును. భర్తను కోల్పోయి అంగడి నడుపుకొను మన సోదరీమణులకు ఈ నిధిలో ప్రథమస్థానము ఇయ్యవలెను. అంగడివారును తమ వంతుగా ఒక పుస్తకము పెట్టి, ఏ తేదీన సిలిండరు తగిలించినది, ఏ తేదీన అయిపోయినది, నడుమ ఎన్ని కప్పులు అమ్మినది వ్రాయవలెను. వచ్చు సంవత్సరము మహాసభకు ఆ పుస్తకములు తెచ్చి ఒకరితో నొకరు పోల్చుకొందురు గాక. ఎవరి పొయ్యి తక్కువ కాల్చి ఎక్కువ అమ్మినదో వారు తక్కినవారికి గురువులగుదురు.

గ్యాసు వెల తగ్గింపుమని విన్నవించుకొనుట మన హక్కు, విన్నవింతము. కాని విన్నపమునకు జవాబు వచ్చులోపల గిన్నెకు మూత వేయుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు.