ఉన్నతవిద్యయు ఋణభారమును
(వత్సవాయి వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)





మన వత్సవాయి మెట్టప్రాంతము. ప్రత్తి, మిరప పండిన యేడు ఇంట కళ; వాన తప్పిన యేడు అప్పు. అట్టి యిండ్లనుండి మన బిడ్డలు జగ్గయ్యపేటకు, నందిగామకు, బెజవాడకు బోయి పట్టభద్రు లగుచున్నారు. కాని ఆపై చదువునకు బయలుదేరు బిడ్డను జూచి తండ్రి సంతసింపవలెనో, భయపడవలెనో తెలియని కాలము వచ్చినది.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బెజవాడలో నెలకొనెను. నాడు పై చదువునకు అడ్డంకి దూరము, నేడు ద్రవ్యము. 2020 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వము వెలువరించిన 77వ ఉత్తర్వు, ప్రైవేటు కళాశాలలలోని పి.జి. విద్యార్థులకు బోధనరుసుముల చెల్లింపును నిలిపివేసెను. ఆ భారము తలిదండ్రులపై బడెను. విదేశవిద్య సంగతి చెప్పనక్కరలేదు. 2011 తొలినెలలలో డాలరు సుమారు 45 రూపాయలు. 2025 డిసెంబరులో 90 దాటెను. అచ్చట రుసుము ఒక్క డాలరైనను పెరుగకున్నను, మనకు రెట్టింపైనట్లే.

ఋణము పెరుగు తీరును జూడుడు. రెండేండ్ల చదువునకు ఏటికి 10 లక్షల చొప్పున, నూటికి 11 వంతున 20 లక్షలు దీసికొంటి మనుకొందము. చదువుకాలమును, ఆపై నొక యేడును వాయిదా అడుగరు. వడ్డీ మాత్రము నిదురపోదు. మూడేండ్లకు 5.5 లక్షలు చేరి అప్పు 25.5 లక్షలగును. దానిని పదేండ్లలో దీర్చుటకు నెలకు సుమారు 35 వేలు, వెరసి 42 లక్షలు కావలెను.

వ్యవసాయభూమిని హామీగా గైకొనుటకు బ్యాంకులు తరచు వెనుకాడును. అంతట తండ్రి నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి, అనగా ఏటికి 24 వంతున, పొలము తాకట్టు పెట్టును. ఉద్యోగము దొరకక, అప్పుసంగతి చెప్పుకొనలేక, పండుగకైనను ఊరికి రాని యువకులను మే మెరుగుదుము. వీసా వచ్చినవానికి పూలదండ వేయు మన సంఘము, వాయిదా కట్టలేనివాని గడప ఎన్నడైన త్రొక్కినదా?

మా విన్నపములు మూడు. మొదటిది, సంఘము శాశ్వత విద్యానిధి నేర్పరచి వడ్డీలేని ఋణము లియ్యవలెను. ఉద్యోగము దొరికినవారు తిరిగి చెల్లించిన సొమ్ము వెనుకవచ్చు బిడ్డలకు అందవలెను. రెండవది, బ్యాంకుకొలువు విరమించిన మన పెద్దలు, తండ్రి సంతకము చేయకమున్నే పై లెక్కను విప్పి చెప్పవలెను. 2024 నవంబరులో కేంద్రమంత్రివర్గ మామోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకము, దేశములోని ఎంపికైన సంస్థలలో చేరువారికి ఆస్తిహామీ లేకయే ఋణము కల్పించునదని కూడ తెలుపవలెను. మూడవది, ఆడబిడ్డలకు ఈ నిధిలో సమానభాగ ముండవలెను. కుమార్తె కట్నమునకు వెనుకాడక అప్పుచేయు మనము, ఆమె చదువునకు వెనుకాడుట న్యాయమా?

పోషకులారా! కల్యాణమండపము కొకింత ఆలస్యమైనను పెండ్లిండ్లు ఆగవు. చదువు మధ్యలో ఆగిన బిడ్డ వయసు మరల రాదు. ఈ సభ ముగియకమున్నే విద్యానిధిపద్దు తెరువుడు. మా వంతు చందాను ఈ పూటనే వ్రాయించుచు, మీయెడ సెలవు గైకొనుచున్నాము.