ఎవరికి తెలియును? ఎవరికి తెలియదు?

ఒక కథ చదివి "బాగున్నది" అనుట సులభము. ఎందుచేత బాగున్నదని ఎవరైన అడిగినచో తడుముకొందుము. సాహిత్య విమర్శలోని పారిభాషిక పదములు అట్టి వేళ అక్కరకు వచ్చుటకే పుట్టినవి గాని పరీక్షకు వల్లె వేయుటకు గాదు. అందు రెండింటిని, దృష్టికోణము, నాటకీయ వ్యంగ్యము అనువానిని, గురజాడ అప్పారావుగారి రెండు రచనల సాయముతో శ్రోతలకు పరిచయము చేయదలచితిమి.

'దిద్దుబాటు' కథ 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో వెలువడినది. గోపాలరావు అర్ధరాత్రి దాటిన పిమ్మట ఇల్లు చేరును. భార్య కమలిని కనబడదు. ఆమె వ్రాసిన ఉత్తరము మాత్రము దొరకును. ఇల్లు విడిచి పోయినదని అతడు కలతపడును. తన నడత తలచుకొని పశ్చాత్తాపపడును. ఆమె మంచము క్రిందనే యున్నదన్న సంగతి చివరగాని బయటపడదు. కథ చెప్పువాడు వేరొకడైనను, మనము చూచునది గోపాలరావు చూచినంత మేరయే. ఎవరి కన్నుతో కథను చూతుమో అది దృష్టికోణము.

కమలిని దాగిన చోటు మొదటనే తెలిసియుండినచో ఏమగును? గోపాలరావు వేదన మనకు నవ్వులాట యగును. తెలియదు గనుకనే అతని భయము మన భయమైనది. అతని పశ్చాత్తాపములో మనకును పాలు కలిగినది.

'కన్యాశుల్కము' నాటకమున రీతి వేరు. బాలిక సుబ్బిని వృద్ధుడైన లుబ్ధావధానులకు ఇచ్చుటకు తండ్రి అగ్నిహోత్రావధానులు నిశ్చయించును. మేనకోడలిని కాపాడుటకై కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడువేషము వేసి, ఆ వృద్ధునకు పెండ్లికూతురుగా చూపును. ఈ మర్మము ప్రేక్షకులకు తెలియును, వరునకు తెలియదు. పాత్ర యెరుగని సంగతి ప్రేక్షకుడెరిగి యుండుటచే, ఆ పాత్ర మాటలకు వేరొక అర్థము స్ఫురించుట నాటకీయ వ్యంగ్యము.

మర్మము దాచియుండినచో ఆ పెండ్లి చూచి మనము నవ్వజాలము. ఏ బిడ్డయు బలికాదను నిబ్బరము గలిగినందుననే నవ్వుదుము. అయితే ఆ నవ్వు వెనుకనున్న నిజమును గురజాడవారు తొలికూర్పు పీఠికలో అంకెలతో చూపిరి. విజయనగర మహారాజు తయారు చేయించిన జాబితా ప్రకారము, విశాఖపట్టణ మండలమున 3 సంవత్సరములలో బ్రాహ్మణ కుటుంబములందు జరిగిన శుల్క వివాహములు 1,034. నాటకములో సుబ్బి తప్పించుకొన్నది. జాబితాలోని బాలికలకు వేషము వేయుటకు శిష్యుడెవడును లేడు.

ఒకే రచయిత ఒకచోట రహస్యమును దాచెను, మరియొకచోట ముందే విప్పెను. రెంటియందును దురాచారమును మన మనసు తిరస్కరించునట్లు చేయుటయే ఆయన ఉద్దేశము. ఇకమీదట రేడియోలో నాటిక వినునపుడు శ్రోతలు ఈ ప్రశ్న వేసికొందురుగాక: ఈ సంగతి ఎవరికి తెలియును, ఎవరికి తెలియదు? పారిభాషిక పదములు మరచినను ఈ ప్రశ్న గుర్తున్నచో చాలును.