పారాచూట్ మార్చుకొను వేళ

సంక్రాంతి దినములలో హైదరాబాదు పాతబస్తీ ఆకాశము పతంగులతో నిండిపోవును. పురానాపూల్ పరిసరములలోని ధూల్‌పేటకు పోయినచో వెదురుపుల్లలు చీల్చువారు, రంగుకాగితములు అతికించువారు, చరఖాలకు దారము చుట్టువారు కనబడుదురు. అక్కడి పిల్లలకు బాగుగా తెలిసిన సంగతి యొకటి గలదు. పెద్ద పతంగి గాలిని పట్టుకొని నిదానముగా నిలుచును. చేయి కొంత తప్పినను ఓర్చుకొనును. చిన్నది వ్రేలి కదలికకే గిరుక్కున తిరుగును. ఢీల్ ఎప్పుడు వదలవలెనో, ఖీంచ్ ఎప్పుడు చేయవలెనో చేతికి పట్టుబడనివాడు చిన్న పతంగితో పేంచ్‌కు దిగినచో దానిని పోగొట్టుకొనును. పోయిన పతంగికి బదులు మరియొకటి కొనవచ్చును. దారము చివర మనిషియే వ్రేలాడుచున్నప్పుడు ఆ తప్పు ఖరీదు వేరు. విమానము నుండి దూకి పారాచూట్‌తో దిగు క్రీడాకారుడు పెద్ద పారాచూట్ వదలి చిన్నదానికి ఎప్పుడు మారవచ్చును అను విషయమును నేడు శ్రోతలకు మనవి చేయదలచినాము.

పతంగికిని నేటి పారాచూట్‌కును దగ్గర చుట్టరికము గలదు. పూర్వపు పారాచూట్ గుండ్రని గొడుగు. 1797లో పారిస్ నగరమున గార్నెరిన్ బెలూన్ నుండి దిగినది అట్టి గొడుగుతోనే. అది మనిషి పడు వేగమును తగ్గించును గాని, కోరిన చోటికి తీసికొనిపోజాలదు. తరువాత అమెరికాలో గాలిపటములు తయారుచేయు డొమినా జాల్బర్ట్ అను నతడు పలు గదులు గల గుడ్డరెక్క నొకదానిని కల్పించి 1964లో పేటెంటు కోరెను. 1966లో అది లభించెను. ముందువైపు తెరచియున్న గదులలోనికి ఎదురుగాలి చొరబడి గుడ్డను విమానపు రెక్కవలె ఉబ్బించును. నేడు క్రీడగా దూకువారు వాడునది ఈ వంశపు రెక్కయే. ఇది దిగుచునే ముందునకు ఎగురును. ఎగురునది కనుక నడుపుట నేర్వవలెను.

ఈ రెక్క వేగము ముఖ్యముగా ఒక లెక్కపై ఆధారపడును. మనిషి బరువును, అతని సామగ్రి బరువును కలిపి, రెక్క వైశాల్యముచే భాగింపవలెను. మనిషి, సామగ్రి కలిసి 180 పౌండ్లనుకొందము. 240 చదరపు అడుగుల రెక్క క్రింద అడుగుకు ముప్పాతిక పౌండు పడును. 180 అడుగులైనచో ఒక పౌండు; 120 అడుగులైనచో ఒకటిన్నర. 240 నుండి 120కి దిగినవానికి వేగము సుమారు నూటికి నలుబది పాళ్ళు హెచ్చును. నేలను తాకు శక్తి మాత్రము రెండింతలగును. ఎముకలకు లెక్కకు వచ్చునది ఈ రెండవ సంఖ్యయే. పైగా చిన్న రెక్కకు త్రాళ్ళును పొట్టివి. అందుచే అది చురుకుగా తిరుగును. తిరుగునపుడు వేగముగా ఎత్తు కోల్పోవును.

ఊరి గాలియు లెక్కలోనిదే. హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నున్నది. ఇట్టి చోట 40 డిగ్రీల ఎండలో గాలి పలుచనగును. సముద్రతీరమున 15 డిగ్రీల చల్లదనములో ఎగిరిన దానికంటె అదే రెక్క ఇక్కడ నూటికి ఏడెనిమిది పాళ్ళు వేగముగా పోవును. రెక్క మార్చకయే వేగము మారినదన్నమాట.

పారాచూట్ విచ్చుకొనకపోవుటయే ఈ క్రీడలోని ప్రమాదమని సామాన్యముగా తలంతురు. కాని ఏ లోపము లేక పూర్తిగా విచ్చుకొన్న రెక్క క్రిందనే మరణించినవారు పలువురు గలరు. నేలకు చేరువలో అడ్డము కనబడును. మనిషి బెదరి ఒకవైపు త్రాడును బలముగా లాగును. రెక్క ఒరిగి క్రిందికి దూకును. సరిచేయుటకు ఎత్తు మిగులదు. పెద్ద రెక్క క్రింద కాలు విరుగుటతో పోవు తప్పు చిన్న రెక్క క్రింద ప్రాణము మీదికి వచ్చును.

అట్లయిన యోగ్యతను దేనితో కొలువవలెను? దూకిన సంఖ్యతో అని కొందరందురు. సంఖ్య అవసరమే. అమెరికా పారాచూట్ సంఘము మొదటి లైసెన్సుకు 25, రెండవదానికి 50 దూకులు కోరును. ఈ రెండు తరగతులవారు అడుగుకు ఒక పౌండు మించరాదని సలహా యిచ్చియున్నది. కాని ప్రశాంతమైన ఉదయములందు, ఒకే మైదానమున, ఒకే తీరున రెండు వందలసార్లు దిగినవాడు నేర్చినది ఒక్క పాఠమే.

క్షేమముగా దిగితినను మాటయు చాలదు. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన పురానాపూల్‌ను గురించి జనశ్రుతి యొకటి గలదు. రాకుమారుడు మహమ్మద్ కులీ వరదలోనున్న మూసీని గుఱ్ఱముపై దాటి భాగమతిని చూడబోయెనట. అది విని రాజు వంతెన కట్టించెనట. ఆనాటికి రాకుమారునికి పన్నెండు పదమూడేండ్లకు మించవు గనుక చరిత్రకారులు దీనిని శంకింతురు. కథ యెట్లున్నను తండ్రి బుద్ధి మెచ్చదగినది. కొడుకు ఒకమారు దాటెను గనుక మరల దాటగలడని అతడు తలంపలేదు. బ్రతికి వచ్చుట వేరు, నేర్పు వేరు.

ఆ నేర్పును పాత రెక్క మీదనే చూపవలెను. గాలి లేనినాడును, ప్రక్కగాలి వీచునాడును, ఎరుగని మైదానమునందును తాను ఎన్నుకొన్న చోటికి చేరువగా, కాళ్ళపై నిలిచి దిగగలడా? నేలకు దగ్గరగా అడ్డము వచ్చినపుడు రెక్కను ఒరగనీయక మెల్లగా దారి మార్చగలడా? బ్రేకు త్రాడు తెగినచో వెనుక పట్టీలతో దించగలడా? వీనిని మొదట ఎత్తున అభ్యసించి, పిమ్మట గురువు ఎదుట కనబరుపవలెను. చేయి ఆలోచన కోసము ఆగక సరియైన పని చేయునప్పుడే ఆ విద్య వచ్చినట్లు.

అప్పుడును ఒక్క మెట్టే దిగవలెను. పరిమాణమును, రెక్క రకమును ఒకేసారి మార్చరాదు. క్రొత్త రెక్కతో మొదటి దూకు పరిచితమైన మైదానమున, మంచి గాలిలో జరుగవలెను. కొన్ని నెలలు విరామము వచ్చినచో మరల పెద్ద రెక్కకు పోవుటలో చిన్నతనము లేదు.

తీర్పు దూకువాని ఒక్కనిదే కారాదు. తన దిగుడు తనకు కనబడదు. తోటివారి రెక్కలు చిన్నవి కావచ్చును, చౌకగా ఒకటి అమ్మకమునకు రావచ్చును, ఉత్సాహము తొందరపెట్టవచ్చును. ఇవేవియు సాక్ష్యములు కావు. క్రింద నిలిచి పలుమార్లు చూచిన గురువు మాటయే సాక్ష్యము. ఆయన “ఇంకను కాదు” అన్నప్పుడు, ఏ విద్య కొరవడినదో అడిగి తెలిసికొనుట శిష్యుని ధర్మము. దానిని విడమరచి చెప్పుట గురువు ధర్మము.

నేడు మన యువతీయువకులు దేశవిదేశములలో ఈ క్రీడకు పోవుచున్నారు. వారి తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. ఎన్నిసార్లు దూకితివని అడుగుటతో ఆగవలదు. నీవు దిగుట గురువు చివరిసారి ఎప్పుడు చూచెను, ఏమనెను అనియు అడుగుడు.