నదీముఖమున నీటి నడక



అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనది యొకవైపునను, ఈసీనది మఱియొకవైపునను పాఱుచుండగా, నడుమ మొయినాబాదు వెలసియున్నది. 1908 సెప్టెంబరు వఱద హైదరాబాదును ముంచిన పిమ్మట, మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. గండిపేట కట్టను మీలో చూడనివారుండరు. సముద్రమును చూచినవారు కొందఱే యుందురు. అయినను చేవెళ్ల చేలమీద కురిసిన వాన, ఈ కట్టలు దాటి పాఱినచో, వాడపల్లికడ కృష్ణలో గలసి, విజయవాడ దాటి, హంసలదీవికడ సముద్రము చేరును. అచ్చట మంచినీటికిని ఉప్పునీటికిని జరుగు పెనుగులాటను నేడు మనవి చేసెదను.

సముద్రము సాధారణముగా దినమునకు రెండుమార్లు పొంగి రెండుమార్లు తీయును. పొంగుట పోటు, తీయుట ఆటు. చంద్రుని యాకర్షణ దీనికి ముఖ్యకారణము, సూర్యుడును తోడగును. పోటునకును పోటునకును నడుమ సుమారు 12 గంటల 25 నిమిషములు పట్టును. కావున నేటి పోటు రేపు ఇంచుమించు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. అమావాస్యా పూర్ణిమల ప్రాంతమున పోటు హెచ్చు. అష్టమి ప్రాంతమున తగ్గు. మన చెఱువులకు పోటేల లేదని యడుగవచ్చును. చెఱువు చిన్నది, ఈ గట్టునకును ఆ గట్టునకును చంద్రుని లాగుడులో భేదము లేనట్లే యుండును.

దొడ్డివాకిట ఒక మంద లోనికి వచ్చుచుండగా మఱియొక మంద వెలికి రాజూచినచో ఏమగును? బలముగలది రెండవదానిని త్రోసివేయును. నదీముఖమునను అంతియే. వఱదనాడు నదిదే పైచేయి. 2024 సెప్టెంబరులో విజయవాడ ప్రకాశం బ్యారేజివద్ద సెకనుకు 11 లక్షల ఘనపుటడుగులకు మించి నీరు పాఱినది. అట్టి వఱద ఉప్పునీటిని సముద్రములోనికే నెట్టివేయును. కాని అదే సమయమున పున్నమిపోటు ఎదురైనచో, నీరు వేగముగా తీయదు. పల్లపుటూళ్లు అధికకాలము మునిగియుండును.

వేసవిలో తీరు మాఱును. నది సన్నగిల్లగా పోటు లోనికి చొచ్చుకొనివచ్చును. ఉప్పునీరు బరువైనది, అందుచే అది నది యడుగుననే ప్రాకును, మంచినీరు పైన తేలును. ఒక గాజుపాత్రలో రంగు కలిపిన ఉప్పునీరు పోసి, దానిపై మంచినీటిని మెల్లగా జాఱవిడిచినచో ఈ సంగతి ఇంటనే చూడవచ్చును. నది బలము తగ్గినకొలది ముఖద్వారమున ఇసుకయు మేటవేయును.

సముద్రములోనికి పోవు నీరెల్ల వ్యర్థమను మాట తఱచు వినుచుందుము. అది పూర్తిగా నిజముకాదు. ఆ నీరు ఉప్పును వెనుకకు నెట్టును. ఒండ్రును కొనిపోయి తీరమును నిలుపును. ఉప్పుతీపుల నడుమ పెరుగు చేపలను, రొయ్యలను బ్రతికించును. నది చేరనినాడు సముద్రమే ఎదురువచ్చును. తీరమున బావులు ఉప్పనగును, పొలములు చౌడుబాఱును.

ఎగువవారు నీటినాపుట తప్పని చెప్పుటలేదు. మనకును దాహము కలదు, పైరును కలదు. అయితే తూమువద్ద వంతులు పాడుచేసినవాడు చివరి మడివాని నోరుకొట్టినవాడగునని మీ రెఱిగినదే. కృష్ణకు చివరి మడి హంసలదీవి. మన వాగును పూడ్చినను, మురికిచేసినను, పొదుపుగా వాడుకొన్నను, ఆ ఫలితము కొంతయైనను అచ్చటికి చేరును.