దవాఖానా ఎవరికి జవాబు చెప్పాలి?

(చేవెళ్ల, మొయినాబాద్ మండలాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య హక్కు గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. హక్కు అన్న మాట మనం చాలాసార్లు విన్నాం, చాలాసార్లు అన్నాం. ఇవాళ అంతకంటే చిన్న ప్రశ్న ఒకటి వేయాలనుకుంటున్నాను. సర్కారు దవాఖానాలో తప్పు జరిగితే మనం ఎవరిని అడగాలి?

మొయినాబాద్ వాళ్ళకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం తెలుసు, చేవెళ్ల ప్రభుత్వాసుపత్రీ తెలుసు. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర బస్సు, కంకర టిప్పరు ఢీకొని 19 మంది పోయిన రోజు శవాలను తీసుకువచ్చింది చేవెళ్ల ఆసుపత్రికే. మన కళ్ళకు రెండూ సర్కారు దవాఖానాలే. కాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కింద ఉంటాయి. వాటికి పైమెట్టు మీది సామాజిక, ఏరియా ఆసుపత్రులను మాత్రం వైద్య విధాన పరిషత్తు అనే వేరే సంస్థకు అప్పగించారు. ఈ తేడా మనకెందుకు అనుకోవద్దు. దీని వల్ల ఆడవాళ్ళ ప్రాణాలు ఎలా పోయాయో చెబుతాను.

పరిషత్తు రెండుసార్లు పుట్టింది. మొదటిసారి ఆంధ్రప్రదేశ్‌లో, ఎన్టీ రామారావు ప్రభుత్వ కాలంలో, 1986 నాటి 29వ చట్టం ద్వారా. ఫైళ్ళు సచివాలయంలో మూలుగుతున్నాయి, ఆసుపత్రులకు స్వయంప్రతిపత్తి ఇస్తే నిర్ణయాలు త్వరగా జరుగుతాయి అన్నారు. ఆలోచన చెడ్డదేమీ కాదు. 1994లో మంజూరైన ప్రపంచ బ్యాంకు అప్పుతో ఈ ఆసుపత్రులకు కొత్త భవనాలు, పరికరాలు కూడా వచ్చాయి. అప్పిచ్చిన బ్యాంకు లెక్కలు అడిగింది, అడిగిన లెక్కలు చెప్పారు. మంచం మీద పడుకున్న మనిషి లెక్క అడిగే ఏర్పాటు మాత్రం ఎవరూ గట్టిగా చేయలేదు. స్వయంప్రతిపత్తి అంటే పైవాళ్ళ నుంచి స్వేచ్ఛ అనుకున్నారే గాని, కిందివాళ్ళకు జవాబుదారీ అనుకోలేదు.

రెండోసారి, 2014లో రాష్ట్రం విడిపోయాక, తెలంగాణ వైద్య విధాన పరిషత్తుగా. కొత్త సంస్థ కదా, పాత లోపం సరిచేసుకునే అవకాశం ఉండింది. బోర్డు మారింది, లోపం అలాగే వచ్చింది. అందులో పనిచేసేవాళ్ళకూ సుఖం లేదు. మిగతా ప్రభుత్వోద్యోగుల్లా తమకూ 010 పద్దు కింద నెలనెలా జీతాలివ్వమని వాళ్ళు ఏళ్ళ తరబడి అడిగారు. జీతానికే దేవులాడుకునే నర్సమ్మ మీద కోపం చూపించి మనం ఇంటికి పోవడం తేలిక. ఆ పని నేనూ చేశాను, ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు ఇబ్రహీంపట్నం సంగతి. అదీ మన రంగారెడ్డి జిల్లాయే, మధ్యలో పట్నం అడ్డం. 2022 ఆగస్టు 25న అక్కడి ప్రభుత్వాసుపత్రిలో ఒకే రోజు 34 మంది స్త్రీలకు డి.పి.ఎల్. పద్ధతిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఒక బృందం రోజుకు 30కి మించి చేయరాదని కేంద్రం నిబంధన. కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు. నలుగురూ చిన్నపిల్లల తల్లులు. మిగిలిన 30 మందిని హైదరాబాదు ఆసుపత్రులకు తరలించారు. విచారణలో ఇన్‌ఫెక్షన్ అని తేలింది. కుటుంబాలకు 5 లక్షల రూపాయలు, డబుల్ బెడ్రూం ఇల్లు ప్రకటించారు.

ఆ ఆపరేషన్లు ఎవరివి? కుటుంబ సంక్షేమ కార్యక్రమం జిల్లా వైద్య ఆరోగ్యాధికారిది. ఆడవాళ్ళను కూడగట్టి తెచ్చేది ఆరోగ్య కేంద్రాల సిబ్బంది. ఆపరేషన్ బల్ల, పరికరాలు, వాటిని మరగబెట్టి శుభ్రం చేయాల్సిన గది ఆసుపత్రివి. శిబిరం ఒకరిది, గది ఇంకొకరిది. చివరికి జిల్లా వైద్య ఆరోగ్యాధికారినీ బదిలీ చేశారు, ఆసుపత్రుల సమన్వయాధికారినీ బదిలీ చేశారు. ఇద్దరినీ కదిలించారంటే ఇద్దరి మధ్యా ఖాళీ ఉందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా! ఆ నలుగురూ పడిపోయింది ఆ ఖాళీలోనే అని నేనంటాను.

పైగా ఇది తెలియక జరిగింది కాదు. బీహారులో 2012లో ఒక బడిలో రెండు గంటల్లో 53 మందికి ఆపరేషన్లు చేశారు. 2014లో బిలాస్‌పూర్ శిబిరాల తర్వాత 13 మంది చనిపోయారు. 2016 సెప్టెంబరు 14న దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు మూడేళ్ళలో ఈ శిబిరాల పద్ధతి ఆపాలంది, రాష్ట్ర, జిల్లా స్థాయి నాణ్యతా కమిటీలు సరిగ్గా పనిచేయాలంది. ఆ మూడేళ్ళూ గడిచాక ఇంకో మూడేళ్ళకు ఇబ్రహీంపట్నం! తెలంగాణలో పెళ్ళయిన స్త్రీలలో నూటికి సుమారు 62 మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. మగవాళ్ళ ఆపరేషన్ నూటికి రెండు. భారమంతా మన కడుపు మీద, పర్యవేక్షణ మాత్రం కాగితం మీద.

ఈ కాగితం ఎలా ఉంటుందో నేను చూశాను. కొన్నేళ్ళ క్రితం పరిశోధన పని మీద ఒక ఆసుపత్రికి వెళ్ళి, అభివృద్ధి సంఘం సమావేశాల రిజిస్టరు అడిగాను. ఏ ఊరో చెప్పను. మర్యాదగా చాయ్ ఇచ్చారు, రిజిస్టరూ ఇచ్చారు. మూడు సమావేశాల సంతకాలు ఒకే సిరాతో, ఒకే పొద్దున పెట్టినట్టు ఉన్నాయి. సభ్యుల్లో ఒక పొదుపు సంఘం ఆవిడ పేరుంది. వెతుక్కుంటూ వెళ్ళాను. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపడానికి బంతిపూలు గంపకెత్తుతోంది. "సంతకం పెట్టుమంటే పెట్టిన మేడమ్, ఫోటో గూడ దిగినం. మీటింగంటే గదే అనుకున్న" అంది. కాసేపాగి, "నా బిడ్డ కాన్పు ఆడనే అయింది. ఆయమ్మ ఐదువందలు తీసుకున్నది. గా ముచ్చట మీటింగ్ల చెప్పొచ్చునా?" అనడిగింది. చెప్పొచ్చన్నాను. మీటింగ్ ఎప్పుడో మాత్రం చెప్పలేకపోయాను.

అందుకని ఇవాళ తీర్మానం కంటే ముందు మూడు కాగితాలు అడుగుదాం. మన ఆసుపత్రి అభివృద్ధి సంఘం సభ్యుల పేర్లు, ఏడాది సమావేశాల మినిట్సు, జిల్లా నాణ్యతా కమిటీ కు.ని. ఆపరేషన్లపై ఇచ్చిన నివేదికలు. సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్న వాళ్ళకు రుసుము లేదు. ఆసుపత్రికి ఒకటి, జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి ఒకటి, రెండు చోట్లా వేయాలి. "మాది కాదు, వాళ్ళది" అని ఎవరన్నా సరే, ఆ మాట రాతపూర్వకంగా తీసుకోండి. మనకు అదీ పనికొస్తుంది. నమూనా దరఖాస్తులు నా సంచిలో ఉన్నాయి. భోజనాలయ్యాక మొయినాబాద్ వాళ్ళు ఒక పక్క, చేవెళ్ల వాళ్ళు ఒక పక్క కూర్చుంటే ఇక్కడే రాసేద్దాం.